టూరిస్టు ఊళ్లో మున్సిపాలిటీ నుంచి సరైన జవాబు రావాలంటే ఎలా అడగాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: మీది చిన్న టూరిస్టు ఊరు. సీజన్ వస్తే కుళాయిలో ధార సన్నబడుతుంది, చెత్త బండి వేళకు రాదు, కాలువల్లో వాసన. మున్సిపాలిటీని అడిగితే "పరిశీలిస్తున్నాం" అంటారు తప్ప ఇంకో మాట రాదు. ఎలా అడిగితే ఫలితం ఉంటుంది?

అలాంటి ఊళ్లోనే మున్సిపల్ ఆఫీసులో జనం అడిగే ప్రశ్నలకు జవాబులు రాసే సీట్లో నేను కొన్నేళ్లు పనిచేశాను. ఇప్పుడు ఉద్యోగం వదిలేశాను, ఆ ఊళ్లోనే ఉంటూ నేనూ ఉత్తరాలు రాస్తున్నాను. రెండు వైపులా చూశాక నాకు గట్టిగా అనిపించేది ఒక్కటే. జనం సీజన్‌లో అడుగుతారు, నిర్ణయాలు మాత్రం ఆఫ్ సీజన్‌లో జరుగుతాయి. ఊరు కిటకిటలాడే రోజుల్లో ఆఫీసులో ఎవరూ కుర్చీలో ఉండరు, అందరూ ఎక్కడో ఒకచోట పగిలిన పైపు దగ్గరో, నిండిపోయిన మ్యాన్‌హోల్ దగ్గరో ఉంటారు. అప్పుడు వచ్చిన అర్జీకి "పరిశీలిస్తున్నాం" అని రాయడం తప్ప ఆ సీట్లో ఉన్నవాళ్లకు వేరే దారి ఉండదు. కొత్త పంపు కొనాలన్నా, అదనపు బండ్లు అద్దెకు తీసుకోవాలన్నా బడ్జెట్‌లో పద్దు ఉండాలి, టెండర్ పిలవాలి. ఆ పనికి నెలలు పడుతుంది. కాబట్టి రద్దీ తగ్గగానే, బడ్జెట్ తయారయ్యే ముందే అడగండి.

ఇక ఏం అడగాలి? మీ ఊరికి రెండు జనాభాలు ఉన్నాయి. ఒకటి జనగణనలో రాసి ఉన్నది, రెండోది సెలవుల్లో నిజంగా ఊళ్లో ఉండేది. నిధులు, సిబ్బంది సాధారణంగా మొదటి లెక్కను బట్టి వస్తాయి, పని రెండో లెక్కను బట్టి పెరుగుతుంది. ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్‌లో నివాసులు ఎనిమిది వందల లోపే, రద్దీ రోజున వచ్చేవాళ్లు పది వేల దాకా ఉంటారు. ఈ తేడాను కొన్ని దేశాలు చట్టంలోనే గుర్తించాయి. ఫ్రాన్స్‌లో ప్రభుత్వం స్థానిక సంస్థలకు నిధులు పంచేటప్పుడు సెలవుల కోసం ఉంచుకున్న ఇళ్లను కూడా లెక్కలోకి తీసుకుని జనాభాకు కలుపుతారు. కెనడాలో విస్లర్ అనే టూరిస్టు ఊరి కోసం 1975లో ప్రత్యేక చట్టమే చేసి, దాన్ని రిసార్ట్ మున్సిపాలిటీగా ఏర్పాటు చేశారు. అందుకే మీ మొదటి ప్రశ్న ఇలా ఉండాలి: "మన నీటి సరఫరా, మురుగు శుద్ధి, చెత్త సేకరణ ఎంత జనాభాకు సరిపోయేలా ఏర్పాటయ్యాయి? గత సీజన్‌లో అత్యధిక రద్దీ ఉన్న రోజున ఎంత భారం పడింది?" దీనికి అంకెలతో జవాబు వస్తే మిగతా సంభాషణ మొత్తం మారిపోతుంది. అంకెలు లేవని జవాబు వచ్చినా మంచిదే. వాటిని కొలవడం మొదలుపెట్టమని అడగొచ్చు.

నీళ్ల విషయం తీసుకోండి. ఊళ్లో మొత్తం నీళ్లు చాలకపోవడం ఒక సమస్య, పొద్దున్న అందరూ ఒకేసారి కుళాయి తిప్పడంతో ఒత్తిడి పడిపోవడం ఇంకో సమస్య. మొదటిదానికి కొత్త నీటి వనరు కావాలి, రెండోదానికి కొన్నిసార్లు అదనపు ట్యాంకు చాలు. ఎత్తున ఉన్న ఇళ్లకు, లైను చివరి ఇళ్లకు ముందుగా దెబ్బ తగులుతుంది. మీ అర్జీలో ఏ వేళల్లో ధార తగ్గుతోంది, పక్కింట్లోనూ అంతేనా, పల్లంలో ఉన్న వీధిలో ఎలా ఉంది అని రాయండి. మీ ఒక్క ఇంట్లోనే అయితే తప్పు కనెక్షన్‌లో ఉండొచ్చు, వీధంతా అయితే వాల్వ్ దగ్గరో, ట్యాంకు దగ్గరో వెతకాలి. ఇంజినీరు మొదట అడిగేది ఇదే. ఆ వివరాలు ఉన్న ఉత్తరం నేరుగా ఫీల్డ్ సిబ్బంది చేతికి వెళ్లడం నేను చాలాసార్లు చూశాను.

ఆఫ్ సీజన్‌లో దీనికి పూర్తిగా వ్యతిరేకం జరుగుతుంది, దీని గురించి ఎవరూ చెప్పరు. టూరిస్టులు వెళ్లిపోయాక పైపుల్లో నీరు కదలకుండా నిలిచిపోతుంది, క్లోరిన్ తగ్గిపోతుంది, రుచీ వాసనా మారతాయి. అందుకే సిబ్బంది లైను చివర వాల్వ్ తెరిచి పాత నీటిని బయటికి వదులుతారు. మా ఆఫీసుకు ప్రతి ఏడూ ఆ రోజుల్లో కోపంగా ఫోన్లు వచ్చేవి. సీజన్‌లో మాకు నీళ్లు లేవన్నారు, ఇప్పుడు రోడ్డు మీద పారబోస్తున్నారేంటి అని. వాళ్ల కోపం న్యాయమైనదే, ఎందుకంటే ముందుగా ఎవరూ వాళ్లకు చెప్పలేదు. ఏ వీధిలో ఎప్పుడు, ఎందుకు వదులుతామో ముందే నోటీసు పెట్టడం మొదలుపెట్టాక ఆ ఫోన్లు దాదాపు ఆగిపోయాయి. మీ ఊళ్లో అలాంటి నోటీసు లేకపోతే అడగండి. పైసా ఖర్చు లేని పని.

మురుగు సంగతి ఇంతకంటే గంభీరం. శుద్ధి కేంద్రంలో మురికిని తినేది సూక్ష్మజీవులు. అవి వచ్చే మురికిని బట్టి పెరుగుతాయి, దానికి సమయం పడుతుంది. ఒక్క వారాంతంలో భారం మూడింతలైతే అవి అంత త్వరగా పెరగలేవు, సగం శుద్ధి అయిన నీరే బయటికి పోతుంది. యూరప్ నిబంధనల్లో ఒక మనిషి వల్ల పడే మురుగు భారాన్ని రోజుకు 60 గ్రాముల బీఓడీగా లెక్కిస్తారు. బీఓడీ అంటే ఆ మురికిని తినడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్. మీ కేంద్రం సామర్థ్యం ఎంతమందికి అని అడిగితే ఇలాంటి లెక్కలోనే చెప్పగలగాలి. హోటళ్ల వంటగదుల నుంచి వచ్చే నూనె, కొవ్వు పైపుల్లో గడ్డకట్టడం ఇంకో పెద్ద కారణం. కాబట్టి హోటళ్లలో కొవ్వును ఆపే గ్రీజు ట్రాప్‌లు ఉన్నాయా, వాటిని చివరిసారి ఎప్పుడు తనిఖీ చేశారు అని తప్పకుండా అడగండి. ఇది పట్టించుకోకపోతే ఎక్కడికి దారితీస్తుందో ఫిలిప్పీన్స్‌లోని బొరకాయ్ ద్వీపంలో చూశాం. మురుగు నేరుగా సముద్రంలో కలుస్తోందని 2018 ఏప్రిల్‌లో ద్వీపం మొత్తాన్ని ఆరు నెలల పాటు టూరిస్టులకు మూసేశారు. అక్కడ బతుకుతున్న జనం ఉపాధి కూడా అన్నాళ్లూ ఆగిపోయింది. అందుకే ఈ ప్రశ్న అడిగే హక్కు హోటల్ యజమానుల కంటే నివాసులకే ఎక్కువ ఉందని నేను నమ్ముతాను.

చెత్త గురించి ఎక్కువ చెప్పను. సీజన్ షెడ్యూలు వేరుగా ఉందా, హోటళ్ల చెత్తకూ ఇళ్ల చెత్తకూ బండి ఒకటేనా, ఈ రెండూ అడిగితే చాలు.

డబ్బు దగ్గరికొస్తే, టూరిస్టుల నుంచి వసూలు చేసే పన్ను ఎక్కడికి పోతోందో అడగండి, కానీ చట్టం ఏం చెబుతోందో తెలుసుకుని అడగండి. స్విట్జర్లాండ్‌లో అతిథుల దగ్గర వసూలు చేసే పన్నును వాళ్లకు ఉపయోగపడే వాటికే ఖర్చుపెట్టాలి, మామూలు మున్సిపల్ ఖర్చులకు వాడకూడదు. జపాన్‌లో వేడినీటి బుగ్గల ఊళ్లు వేసే స్నానపు పన్నును పారిశుధ్యానికీ, అగ్నిమాపక ఏర్పాట్లకూ కూడా వాడొచ్చు. మీ దగ్గర మొదటి రకం నియమం ఉంటే కమిషనర్‌తో ఎంత వాదించినా లాభం లేదు, చట్టసభలో ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లాలి.

ఉత్తరం రాసే పద్ధతి గురించి ఒక మాట. ఒక ఉత్తరంలో ఒకే సమస్య రాయండి. ఆరు సమస్యలు కలిపి రాస్తే మొదటి సమస్య ఏ విభాగానిదో ఆ విభాగానికే కాగితం వెళ్తుంది, మిగతా అయిదింటినీ ఎవరూ చూడరు. మా ఆఫీసులో రోజూ జరిగేది ఇదే. "ఇది మా పరిధి కాదు" అంటే మరి ఎవరి పరిధో రాసివ్వమనండి. చాలా ఊళ్లలో నీళ్లు ఒక సంస్థవి, పెద్ద రోడ్లు ఇంకో శాఖవి, కాబట్టి ఆ మాట నిజమే కావొచ్చు.

అప్పటికీ జవాబు రాకపోతే సమాచార చట్టం ఉంది. స్వీడన్ 1766లోనే మొదలుపెట్టింది, ఇప్పుడు చాలా దేశాల్లో ఉంది. దాని కింద "ఎందుకు పట్టించుకోవడం లేదు" అని అడగకండి, అభిప్రాయాలకు జవాబు రాదు. ట్యాంకు మట్టం రాసే లాగ్‌బుక్, ఫిర్యాదుల రిజిస్టర్, శుద్ధి కేంద్రం పరీక్షల ఫలితాలు, ఇలా ఆఫీసులో ఉన్న కాగితాల నకళ్లు అడగండి.

"ఈ ఏడాది వీలుకాదు, కారణం ఇది, వచ్చే బడ్జెట్‌లో పెడుతున్నాం" అని వస్తే దాన్ని మంచి జవాబుగానే తీసుకుని దాచుకోండి. బడ్జెట్ సమావేశానికి ఆ కాగితం పట్టుకెళ్లి, ఆ పద్దు ఎక్కడుందో చూపించమనండి. మళ్లీ "పరిశీలిస్తున్నాం" అనే వస్తే ఫైల్ నంబరు, ఎవరు పరిశీలిస్తున్నారు, ఏ తేదీలోగా చెబుతారు అని అడుగుతూ అదే రోజు తిరిగి రాయండి.