పుస్తకం మూయించి రాయించు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

ఎం.ఏ. హిస్టరీ వాళ్లకు రీసెర్చ్ మెథడాలజీ పేపరు నీ మీద పడిందనీ, అసైన్‌మెంట్లు చూస్తే సగం కాపీయేననీ రాశావు. ముందు ఆ కోపం తగ్గించుకో. వాళ్లలో దొంగబుద్ధి ఉన్నవాళ్లు తక్కువ. పుస్తకం తెరిచిపెట్టుకుని నోట్సు దించుకోవడం స్కూలు నుంచీ వచ్చిన అలవాటు. నెల తర్వాత ఆ నోట్సు తీస్తే ఏ వాక్యం పుస్తకానిదో, ఏది తమదో వాళ్లకే తెలియదు.

కాబట్టి నోట్సు దగ్గరే మొదలుపెట్టు. నాలుగు పేజీలు చదివించి, పుస్తకం మూయించి, గుర్తున్నది రాయమను. తర్వాత తెరిచి పేర్లు, తేదీలు సరిచూసుకుని పేజీ నంబరు వేసుకోవాలి. గొణుగుతారులే. ఇంకోసారి చదివితే వచ్చేస్తుంది కదా మేడమ్ అంటారు. 2006లో రోడిగర్, కార్పికీ అనే అమెరికన్ సైకాలజిస్టులు కాలేజీ విద్యార్థులతో ఇదే పరీక్షించి చూశారు. ఐదు నిమిషాలకు అడిగితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే మాత్రం, చూడకుండా గుర్తుచేసుకుని రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది.

ఇక రాత సంగతి. 'గణపతిదేవుడు విదేశీ వాణిజ్యాన్ని ఎంతగానో ప్రోత్సహించాడు.' ఈ వాక్యం ప్రతి గైడులోనూ ఉంటుంది, ప్రతి అసైన్‌మెంటులోనూ ఉంటుంది. దాన్ని కొట్టేయకు. పక్కన 'నీకెలా తెలుసు?' అని రాసి వెనక్కి ఇచ్చేయి. కాస్త బుద్ధిగా వెతికిన పిల్ల కాకతీయుల నాటి మోటుపల్లి రేవు శాసనం దాకా వెళ్తుంది. తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును మునుపటి రాజులు లాక్కునేవారనీ, తాను సుంకం మాత్రమే తీసుకుని మిగతాది వర్తకులకే వదిలేస్తాననీ 1244లో ఆయన అభయమిచ్చాడని రాసుకొస్తుంది. 'ఎంతగానో' అనే మాట దానంతట అదే పోతుంది. ఆ ఒక్క పేరా కోసం నువ్వు ఓ క్లాసు మొత్తం ఖర్చుపెట్టినా నష్టం లేదు.

యూనివర్సిటీలను పర్యవేక్షించే యూజీసీ 2018 నిబంధనల ప్రకారం వేరేవాళ్ల రాతలతో పోలిక 10 శాతం దాటకపోతే శిక్ష లేదు. దాంతో పిల్లల టెన్షనంతా ఆ అంకె మీదే. 'విదేశీ వాణిజ్యం' తీసేసి 'పరదేశ వర్తకం' అని పెడతారు. కాపీ పట్టే సాఫ్ట్‌వేర్ ఊరుకోవచ్చు, నువ్వు ఊరుకోకు. మాటలు మార్చినా మూలం చెప్పకపోతే అది కాపీయే.

ఇంగ్లీషులో రాయలేక కాపీ కొట్టేవాళ్లూ ఉంటారు. మొదటి డ్రాఫ్టు వాళ్లను తెలుగులోనే రాయనివ్వు. డిపార్ట్‌మెంటులో ఎవరైనా మొహం చిట్లిస్తే చిట్లించనీ. మన యూనివర్సిటీల థీసిస్‌లు దొరికే శోధగంగ వెబ్‌సైట్‌లో పాతవి చూడమను, కానీ ముందుమాటలు కాదు, ఫుట్‌నోట్లు చదవమను.

ఎర్ర పెన్నుతో పేజీలు నింపేయకు. ఒక్కో కాగితానికి రెండు ప్రశ్నలు చాలు, స్పెల్లింగులు తర్వాత చూసుకోవచ్చు. ఈసారి వచ్చే కట్టలోంచి నాలుగైదు పేజీలు, పిల్లల పేర్లు కనపడకుండా ఫొటో తీసి దిద్దకముందే నాకు పంపు.