శాండ్‌మ్యాన్ సగంలో ఆపేసిన మేనకోడలికి

అమ్మలూ,

"మామయ్యా, శాండ్‌మ్యాన్ టీవీ సిరీస్ రెండు సీజన్లూ చూసేశాను, కథంతా తెలిసిపోయింది. పుస్తకం మాత్రం ఎక్కట్లేదు, మొదటిది సగంలో ఆపేశాను" అని నువ్వు పెట్టిన మెసేజ్ నిన్నటి నుంచి మనసులో తిరుగుతూనే ఉంది. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతానని ఇలా రాస్తున్నాను. ఆ పది సంపుటాలూ నేను నాలుగుసార్లు చదివాను. నాకూ మొదటిసారి నువ్వు ఆగిన చోటే కాలు ఆగింది.

ముందు ఒక సంగతి తెలుసుకో. ఇది ఒకేసారి కూర్చుని రాసిన నవల కాదు, బొమ్మల కథ, అంటే కామిక్. 1989 నుంచి 1996 దాకా సంచికలుగా వచ్చింది, మొత్తం 75. వాటినే పది సంపుటాలుగా కూర్చారు. నీ చేతిలో ఉన్న పుస్తకంలో మొదటి ఎనిమిదీ ఉన్నాయి. రచయిత నీల్ గైమన్ ఇంకా తన గొంతు వెతుక్కుంటున్న రోజులవి. అందుకే ఒక సంచిక పాత హారర్ కామిక్‌లా, ఇంకోటి సూపర్‌హీరోల కామిక్‌లా ఉంటుంది. కలల రాజు, అంటే మన శాండ్‌మ్యాన్, 1916లో ఒక మంత్రగాడి చేతికి చిక్కడం, డెబ్భై ఏళ్ళు దాటాక బయటపడి తన ఇసుక సంచి, శిరస్త్రాణం, కెంపు వెతుక్కోవడం, పైకి కనిపించే కథ అంతే. అతుకులు కనిపిస్తాయి, నిజమే. ఓపిక పట్టు.

ఆరో సంచిక విషయంలో మాత్రం జాగ్రత్త. ఒక చిన్న హోటల్లో ఇరవైనాలుగు గంటల పాటు జరిగే కథ అది. సిరీస్‌లో చూసినదానికంటే పుస్తకంలో చాలా క్రూరంగా ఉంటుంది. రాత్రి పడుకోబోయే ముందు తియ్యకు. పగలు చదువు, కడుపులో తిప్పినట్టు అనిపిస్తే పేజీలు దాటెయ్, తప్పేం లేదు. రెండో సంపుటంలో హంతకులందరూ ఒకచోట చేరే సంచిక వస్తుంది, దానికీ ఇదే మాట.

ఆరూ ఏడూ దాటితే ఎనిమిదో సంచిక. నువ్వు దాని దాకా రాకుండానే ఆపేశావు! పోగొట్టుకున్నవన్నీ దొరికాయి, ఇక చెయ్యడానికేమీ లేదు, కలల రాజు పార్కులో కూర్చుని పావురాలకు మేత వేస్తుంటాడు. అక్కయ్య వచ్చి పక్కన కూర్చుంటుంది. ఆవిడే మృత్యువు, నల్ల బట్టలు వేసుకున్న నవ్వుముఖం పిల్ల. తమ్ముణ్ణి నాలుగు చీవాట్లు పెట్టి, తన పనికి వెంటబెట్టుకుని వెళ్తుంది. వయొలిన్ వాయించే ముసలాయన దగ్గరికి, ఉయ్యాల్లో ఉన్న పసిబిడ్డ దగ్గరికి. ఇంతేనా, నాకు దొరికింది ఇంతేనా అని అడుగుతుంది ఆ పసిది. అవునమ్మా అంటుంది మృత్యువు. అక్కడ పేజీ తిప్పకు, కాసేపు ఆగు. ఈ కథలు ఎలా చదవాలో నాకు నేర్పింది ఆ పేజీయే.

నీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది కూడా అదే. కథ కోసం చదివితే ఈ పుస్తకం నీకేమీ ఇవ్వదు, ఎందుకంటే కథ నీకు ముందే తెలుసు. మూలల్లో ఉన్నవాళ్ళ కోసం చదువు.

పదమూడో సంచిక చూడు. ఒక సత్రం లాంటి తాగుడుశాల, 1389. హాబ్ గాడ్లింగ్ అనేవాడు, చావడం తెలివితక్కువ వాళ్ళు చేసే పని, నేను చావనంటాడు. సరే, వందేళ్ళ తర్వాత ఇక్కడే కలుద్దాం అంటాడు కలల రాజు. సిరీస్‌లో దీన్ని ఆరో ఎపిసోడ్‌లో చూశావు. అక్కడ బందీగా ఉండిపోవడం వల్ల 1989కి రాలేక ఆలస్యంగా వస్తాడు. పుస్తకంలో అప్పటికే విడుదలయ్యాడు కాబట్టి సమయానికే వస్తాడు. ఆ ఒక్క మార్పుతో చివరి పేజీ రుచే వేరు. 1889లో "నీకు తోడు లేదు, అందుకే వస్తున్నావు" అని హాబ్ అంటే కోపంతో లేచి వెళ్ళిపోయినవాడు, వందేళ్ళు ఆలోచించుకుని తనంతట తాను వచ్చి కూర్చున్నాడు. దారిలో ఎవరూ అడ్డుపడలేదు. రావడమా మానడమా అన్నది పూర్తిగా అతని చేతిలోనే ఉంది.

ఇక హాబ్‌ని వదిలేసి వెనక బల్లల వైపు చూడు. 1389లో పన్నుల మీద విసుక్కుంటారు, 1989లోనూ అదే విసుగు. 1589లో పక్క బల్ల దగ్గర ఒక కుర్ర రచయిత, నాటకాలు గొప్పగా రాయాలని ఆరాటపడుతుంటాడు. పేరు విల్ షేక్‌స్పియర్. కలల రాజు హాబ్ మాట మధ్యలోనే లేచి ఆ కుర్రాడి దగ్గరికి వెళ్తాడు. ఏం మాట్లాడుకున్నారో మనకు వినిపించదు. ఆరు సంచికల తర్వాత, పంతొమ్మిదోదాంట్లో, షేక్‌స్పియర్ బృందం ఆరుబయట నాటకం వేస్తుంది. చూడటానికి వచ్చింది నిజం దేవకన్యలూ వాళ్ళ రాజూ రాణీ. తండ్రి ధ్యాసంతా నాటకం మీదే, కొడుకు హామ్నెట్ మాత్రం పక్కనే ఉండి కూడా ఆయనకు దూరమైపోతుంటాడు. ఆ పిల్లాడు 1596లో పదకొండో ఏట చనిపోయాడని చివర ఒక్క వాక్యం. 1991లో వరల్డ్ ఫాంటసీ అవార్డు ఈ సంచికకే వచ్చింది. అక్కడితో అయిపోయిందనుకుంటావు. మళ్ళీ 75వ సంచికలో, అంటే ఆఖరిదాంట్లో, ముసలి షేక్‌స్పియర్ కలల రాజుకు బాకీపడ్డ రెండు నాటకాల్లో రెండోది రాస్తూ కనిపిస్తాడు. తాగుడుశాలలో మనకు వినిపించని ఆ మాటలకు వెల ఎంతో అప్పటికి అర్థమవుతుంది.

కలల రాజు ఒకప్పుడు ప్రేమించిన నాడా కథ కూడా అంతే. నాలుగో సంచికలో కలల రాజు నరకంలో నడుస్తుంటే ఒక ఖైదు గదిలోంచి పిలుస్తుంది, అతను క్షమించకుండా వెళ్ళిపోతాడు. కథకు అక్కర్లేని చోటని నేను మొదటిసారి చకచకా దాటేశాను. నాలుగో సంపుటం మొత్తం ఆ అడుగులు వెనక్కి తిప్పుకోవడం గురించే. అందుకని దారిలో ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే గుర్తుపెట్టుకో. పెన్సిల్‌తో పేజీ నంబరు రాసుకున్నా మంచిదే.

బొమ్మలు మారిపోతున్నాయని కూడా అన్నావు. ఔను, సంపుటానికో చిత్రకారుడు, ఒక్కోసారి సంచికకో చిత్రకారుడు. నాకది ఇప్పుడు వరంలా అనిపిస్తుంది, ఎందుకంటే కల ఎవరు కంటే వాళ్ళ రూపంలో ఉంటుంది. బాగ్దాదు మీద రాసిన 50వ సంచికలో పి. క్రెయిగ్ రస్సెల్ గీసిన గోపురాలు చూడు, తర్వాత తొమ్మిదో సంపుటంలో మార్క్ హెంపెల్ గీసిన కోసుగా, మొరటుగా ఉండే ముఖాలు చూడు. మొదట్లో ఆ ముఖాలు నాకు అస్సలు నచ్చలేదు. ఇప్పుడు ఆ కథ ఇంకోలా ఉంటే ఒప్పుకోలేను. ముఖచిత్రాలు మాత్రం 75కీ డేవ్ మెక్‌కీన్‌వే. అక్షరాల మీదా కన్నెయ్యి. కలల రాజు మాట నల్లటి బుడగలో తెల్లటి అక్షరాలతో ఉంటుంది. చెల్లెలు డెలీరియం మాట రంగులు మారుతూ, అక్షరాలు పెద్దవీ చిన్నవీ అవుతూ ఊగుతుంటుంది. టాడ్ క్లైన్ అనే ఆయన చేతి పని ఇదంతా. మనసులోనే ఆ గొంతులు వేరుగా వినడం అలవాటు చేసుకో.

పురాణాల గురించి టెన్షన్ వద్దు. గ్రీకు దేవతలు, నార్స్ దేవతలు, బైబిలు దేవదూతలు ఒకే హాల్లో వచ్చి కూర్చుంటారు. ప్రతి పేరుకీ ఫోన్ తీసి వెతికితే కథ చేజారిపోతుంది. ఒక్క ఆర్ఫియస్ కథ మాత్రం ముందే చదివి పెట్టుకో. చనిపోయిన భార్య కోసం పాతాళానికి దిగిన గాయకుడు, వెనక్కి తిరిగి చూడొద్దన్నా చూస్తాడు. ఇక్కడ అతని తండ్రి కలల రాజే, సిరీస్‌లో చూశావుగా, ఆరో సంపుటం నుంచి ఆ బరువు మోస్తూ చదవాలి.

వరుస మార్చకు. తర్వాతెప్పుడో 2013లో మొదలై వచ్చిన ఓవర్చర్ కథాకాలం ప్రకారం ముందుది, కానీ చదవాల్సింది అన్నిటికీ చివర. సిరీస్ వాళ్ళు వదిలేసిన ఐదో సంపుటం, ఎనిమిదో సంపుటం నీకు పూర్తిగా కొత్త. ఎనిమిదోది తుఫానుకు ఒక సత్రంలో చిక్కుకున్న ప్రయాణికులు చెప్పుకునే మజిలీ కథలు. రోజుకో కథ చొప్పున చదువు. చివరి కథ అయ్యాక వాళ్ళంతా కిటికీలోంచి ఆకాశంలోకి చూసే పేజీలు వస్తాయి, వాటిలో మాటలు దాదాపు ఉండవు. ఎవరెవరు నడుస్తున్నారో, ఎవరు తల తిప్పి మన వైపు చూస్తున్నారో ఒక్కొక్కరినే గుర్తుపట్టు. అక్కడికి చేరాక నాకు ఫోన్ చెయ్, ఎంత రాత్రయినా ఎత్తుతాను.

మీ మామయ్య