కోత చిన్నదే కదా అనుకోకు తల్లీ

అమ్మా సరళా,

మెడకి చిన్న కోతతో చేసే కీహోల్ ఆపరేషన్ చేయించుకుంటున్నావని నిన్న మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. రాత్రంతా నిద్ర పట్టలేదు. భయం ఒకపక్క, నాలా నానబెట్టకుండా తేల్చుకున్నావన్న గర్వం ఇంకోపక్క.

రిపోర్టులన్నీ తీసుకెళ్లు. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పు, సొంతంగా ఆపకు.

30 ఏళ్లు కుట్టుమిషన్ మీద వంగిన మెడ నాది. కుడి భుజం నుంచి నడివేలి దాకా కరెంటు షాకు కొట్టినట్టు లాగేది. కటింగ్ షాపులో మెడ టక్కుమనిపించుకుని, అదే వైద్యమనుకున్నాను. మెడ అలా విరిపించుకోకూడదని ఎవరు చెప్పినా వినలేదు. మూడు నెలలకి నొప్పి తగ్గింది. నయమైపోయిందనుకున్నాను. ఒకరోజు పట్టు జాకెట్టు గుడ్డ కత్తిరిస్తుంటే కత్తెర సగంలో ఆగింది. వేళ్లు మూసుకుంటున్నాయి, తెరుచుకోవడం లేదు. కత్తెర మొద్దుబారిందని సాన పట్టించాను. మీ అత్తయ్యకి కూడా చెప్పకుండా ఇంకో నాలుగు నెలలు గడిపాను. చివరికి డాక్టరు గోడను నెట్టమంటే ఎడమచెయ్యి నెట్టింది, కుడిచెయ్యి మోచేతి దగ్గర మడుచుకుపోయింది. మెడలో 6, 7 ఎముకల మధ్య నరం నలిగిందన్నారు. ఆపరేషన్ తర్వాత బలం చాలావరకు వచ్చింది గానీ, నడివేలి కొసకి సూది గుచ్చుకున్నా నాకు ఈరోజుకీ తెలియదు.

అందుకే నొప్పి ఒక్కటే చెప్పి ఊరుకోకు. చేతిలో బలం తగ్గినా, బొత్తాం పెట్టుకోవడానికి తడబడినా, నడకలో తూలినా దాచకు. అది వెన్నుపాము నొక్కుకుపోతున్న గుర్తు కావచ్చు, ఆలస్యం చేయకూడదు. నరం బయటికొచ్చే దారి ఇరుకైతే, వెనకనుంచి సన్నటి గొట్టం దించి, కండను పక్కకి జరిపి, ఎముక కొంచెం అరగదీస్తారు. ఎముకలు కలిపి బిగించరు కాబట్టి మెడ తిరుగుతుంది. అలా కాకుండా, ఎముకల మధ్య మెత్తటి దిండులా ఉండే డిస్కు ముందునుంచి వెన్నుపామునే నొక్కుతుంటే ఈ పద్ధతి సరిపోదు. నీది ఏదో గట్టిగా అడుగు.

కోత రెండు సెంటీమీటర్లే కదా అని వారానికే బాబును చంకనేసుకుంటావు, నాకు తెలుసు. కాలి కట్టు విప్పిన రోజే జామచెట్టెక్కిన పిల్లవి. లోపల ఎముక చెక్కుతారమ్మా. డాక్టరు సరేననేదాకా వాణ్ణి ఎత్తుకోవద్దు. వాణ్ణి చూసుకోవడానికి మీ అత్తయ్యా నేనూ వస్తున్నాం, బుధవారం రాత్రి బస్సుకి టికెట్లు తీశాను.

తల మీదనుంచి వేసుకునే పని లేకుండా నీకు ముందు తెరుచుకునే నైటీలు రెండు కుట్టాను. బొత్తాలు పెద్దవే పెట్టాను.

మావయ్య