జీడిపప్పు యూనిట్ పెడుతున్న మా అల్లుడికి

అల్లుడూ,

నువ్వు పంపిన ప్రాజెక్ట్ రిపోర్ట్ మొత్తం చదివాను. మెషీన్ల కొటేషన్లు బానే తెచ్చావు, కాశీనగర్ రోడ్డులో ఆ స్థలం కూడా నాకు నచ్చింది. కాకపోతే బ్రాండ్ పేరు, డబ్బా మీద బొమ్మ దాకా వెళ్ళిపోయావు గాని జీడిపిక్కలు కొనడానికి డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందో ఒక్క పేజీలో కూడా రాయలేదు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు అయిపోకూడదని ఇది రాస్తున్నాను. ఫోన్లో చెప్తే ఊ ఊ అని తర్వాత మర్చిపోతావు, రాస్తే దగ్గర పెట్టుకుని చూసుకుంటావు. ఇటు ఒడిశా పర్లాకిమిడిలో అటు ఆంధ్రా పాతపట్నంలో రైస్ మిల్లులు, గోడౌన్లు దగ్గరుండి కట్టించినవాణ్ణి కాబట్టి ఈ పని ఎక్కడ ఆగిపోతుందో, ఎక్కడ డబ్బు కారిపోతుందో నాకు తెలుసు.

ముందు ఒక్క ప్రశ్నకి జవాబు రాయి. ఈ ప్రాజెక్టు అయిపోయింది అని ఏ రోజు అంటావు? మొన్న అడిగితే ఓపెనింగ్ రోజు అన్నావు. కొబ్బరికాయ కొట్టి భోజనాలు పెట్టేస్తే ప్రాజెక్టు అయిపోదు రా. మన జీడిపిక్క మార్చిలో మొదలై మే నెలాఖరుకి అయిపోతుంది, ఉద్దానంలో గాని ఇటు గజపతి, గంజాం కొండల్లో గాని అంతే, ఆ మూడు నెలల్లో కొన్న సరుకుతోనే ఏడాదంతా యూనిట్ నడవాలి. అంచేత నీ ప్రాజెక్టు అయిపోవడం అంటే మార్చి 1కి మెషీన్లు తిరుగుతూ ఉండాలి, లైసెన్సులు చేతిలో ఉండాలి, పిక్కలు ఆరబెట్టే కళ్ళం రెడీగా ఉండాలి, కొనుగోలు డబ్బు అకౌంట్లో ఉండాలి. ఇది ఒక కాగితం మీద రాసి నువ్వూ నీ పార్ట్‌నరూ సంతకాలు పెట్టండి. మే నెలలో తెరిచావనుకో, లెక్కకి రెండు నెలలే లేటు గాని నిజానికి ఒక ఏడాది పోయినట్టే, ఈఎంఐ మాత్రం ఆగదు.

ఇప్పుడు డబ్బు సంగతి. దీని గురించే ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నీ రిపోర్టులో బొక్క ఉన్నది ఇక్కడే. నువ్వు రోజుకి అర టన్ను అన్నావు. ఏడాదికి 250 రోజులు నడిపితే 125 టన్నుల పిక్కలు కావాలి. లెక్క కోసం కిలో 120 రూపాయలు అనుకో, కోటిన్నర అయింది. నీ షెడ్డు, మెషీన్లు అన్నీ కలిపి 40 లక్షలు, దానికోసం మూడు బ్యాంకులు తిరిగావు, మరి ఈ కోటిన్నర సంగతి ఏటి? ఏడాది సరుకంతా సీజన్లోనే కొనాలి కాబట్టి ఈ డబ్బు మే నెలకి బయటికి వెళ్ళిపోతుంది, తిరిగి రావడం మాత్రం నెలనెలా కొంచెం కొంచెంగా. అందుకని మొదటి ఏడాది రోజుకి 200 కిలోలు పెట్టుకో, అప్పుడు 50 టన్నులు, 60 లక్షల్లో అవుతుంది. అది కూడా కష్టమైతే పలాస కాశీబుగ్గ వ్యాపారులతో మాట్లాడి సగం రోజులు జాబ్ వర్క్ చెయ్యి, పిక్కలు వాళ్ళవి, నీకు కూలి. లాభం తక్కువే గాని నీ మనుషుల చేతులు తిరుగుతాయి, మెషీన్ గుణం తెలుస్తుంది. పిక్కల స్టాక్ మీద సీసీ లిమిట్, అంటే సరుకు పూచీ మీద వాడుకునే బ్యాంకు అప్పు, ఇమ్మని టర్మ్ లోన్ అప్లికేషన్‌తో పాటే అడుగు, షెడ్డు కట్టేసిన తర్వాత అడిగితే నీ చేతిలో మార్జిన్ డబ్బు మిగలదు.

సబ్సిడీ డబ్బుని కూడా నువ్వు రాబడిలో కలిపేశావు, అది తీసెయ్. కొత్త యూనిట్లకి కేంద్రం ఇచ్చే పీఎంఈజీపీ పథకంలో సబ్సిడీ నీ చేతికి రాదు, మూడేళ్ళు బ్యాంకులో నీ లోన్ పేరు మీద డిపాజిట్‌గా ఉంటుంది, యూనిట్ నడుస్తోందని చూశాకే సర్దుతారు. పైగా అది కొత్త యూనిట్లకే, ముందే నడిపేసి తర్వాత అప్లై చేస్తానంటే కుదరదు. చిన్న ఫుడ్ యూనిట్ల కోసం 2020లో వచ్చిన పీఎంఎఫ్‌ఎంఈ పథకంలో అయితే 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు, అదీ లోన్‌తో ముడిపడినదే. రెండిట్లో ఏది ఇప్పుడు నీకు వర్తిస్తుందో జిల్లా పరిశ్రమల కేంద్రం (డీఐసీ) ఆఫీసుకి వెళ్ళి నోటితో కాదు, కాగితం మీద తెలుసుకో. వస్తే సంతోషం, రాకపోయినా పని ఆగకూడదు, అలా ఉండాలి నీ లెక్క.

స్థలం విషయం. భూలేఖ్‌లో, అదే ఒడిశా భూమి రికార్డుల వెబ్‌సైట్లో, పేరు చూసుకుని ఊరుకోకు, రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ (ఆర్ఐ) దగ్గర రికార్డు, సబ్ రిజిస్ట్రార్ దగ్గర ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ (ఈసీ) రెండూ తీయించు. మనలో చాలామందికి ఒడియా మాట్లాడ్డం వచ్చుగాని రికార్డుల ఒడియా చదవడం రాదు, తెలిసినవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ప్రతి గడీ చదివించుకో. మన గజపతి జిల్లాలో గుమ్మ, రాయగడ బ్లాకులు, ఆర్.ఉదయగిరి తహసీల్ షెడ్యూల్డ్ ఏరియా, అక్కడ గిరిజనుల భూమి గిరిజనేతరులకి బదలాయించడం చెల్లదు, ఆంధ్రాలో 1/70 చట్టం ఉన్నట్టు ఇక్కడ 1956 నాటి రెగ్యులేషన్ 2 ఉంది. కాశీనగర్ వైపు ఆ రెగ్యులేషన్ లేకపోయినా ఎస్సీ ఎస్టీల భూమి వేరేవాళ్ళు కొనాలంటే రెవెన్యూ అధికారి అనుమతి రాతపూర్వకంగా కావాలి. ఎవడో ఒకడు వచ్చి బినామీ పేరు మీద రాయించేద్దాం బాబూ అంటాడు, ఆ మాట అన్నవాణ్ణి మళ్ళీ గుమ్మం ఎక్కనివ్వకు. రేపు నీ దగ్గర పిక్కలు కొట్టడానికి వచ్చేది ఆ గిరిజనుల్లోని సవర ఆడవాళ్ళే, వాళ్ళ భూమి మీద ఆశపడి వాళ్ళని పనికి ఏ ముఖం పెట్టుకుని పిలుస్తావు? పొలం భూమి అయితే ఒడిశా భూసంస్కరణల (ఓఎల్ఆర్) యాక్టు సెక్షన్ 8ఏ కింద కన్వర్షన్ కూడా చేయించాలి, అది అయ్యాకే పునాది. పొల్యూషన్ బోర్డు వాళ్ళ అనుమతి రెండుసార్లు, కట్టే ముందు ఒకటి నడిపే ముందు ఒకటి. జీడి పొగ ఘాటు నీకు తెలుసు కదా, ఊరి ఇళ్ళ మీదకి గాలి వీచే వైపు షెడ్డు పెట్టకు, లేకపోతే కాగితాలన్నీ ఉన్నా ఊళ్ళో వాళ్ళు నడవనివ్వరు, వాళ్ళ తప్పు కూడా ఉండదు.

ఇక కేలండర్ తీసుకుని మార్చి నుంచి వెనక్కి రా. ఫిబ్రవరి అంతా ట్రయల్. జనవరిలో మెషీన్లు బిగింపు. డిసెంబర్‌కి త్రీ ఫేజ్ కరెంటు వచ్చి ఉండాలి, కరెంటు కంపెనీ టీపీఎస్ఓడీఎల్ ఆఫీసులో అప్లికేషన్ సెప్టెంబర్లోనే పడాలి, ట్రాన్స్‌ఫార్మర్ కావాలంటే ఇంకా ముందు. గోడలు, రూఫు దసరా తర్వాత నుంచి. ఇప్పుడు జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వానల్లో పునాదులు తవ్వి నీళ్ళు తోడుకునే బదులు ఆ నాలుగు నెలలూ కాగితాలకి, లోన్‌కి వాడుకో. అక్టోబర్‌ని మాత్రం నమ్మకు. ఫైలిన్ 2013 అక్టోబర్ 12న, హుద్‌హుద్ 2014లో సరిగ్గా అదే తేదీన, తిత్లీ 2018 అక్టోబర్ 11న. తిత్లీకి పలాస దగ్గర తీరం దాటితే ఇక్కడ గజపతిలో కొండచరియలు విరిగిపడి జనం పోయారు, ఉద్దానంలో జీడి కొబ్బరి తోటలు నేలకి ఒరిగిపోయాయి, అంటే నీ షెడ్డుకే కాదు నీ పిక్కలకి కూడా దెబ్బ తగిలే నెల అది. రేకులు సగం బిగించి పండక్కి వెళ్ళిపోయే మేస్త్రీలు ఉంటారు, అలా వదలకు, బిగిస్తే పూర్తిగా బిగించు లేదా నవంబర్ దాకా ఎక్కించకు. స్టాక్‌కి, బిల్డింగ్‌కి తుఫాను వరద కలిపి ఇన్సూరెన్స్ రాయించు.

ప్లాన్ గీసే ముందే వాస్తు అడిగేవాళ్ళందరినీ పిలిచి అడిగెయ్. బాయిలర్ ఆగ్నేయంలో ఉండాలి అని మీ అమ్మ అంటుంది, అక్క మాట తీసెయ్యకు, కాగితం మీద మార్చడానికి రబ్బరు చాలు. పునాది పడ్డాక ఎవరేం చెప్పినా మార్చకు. మార్చాల్సి వస్తే దానికి ఎంత డబ్బు, ఎన్ని రోజులు అని రాసి పార్ట్‌నర్ సంతకం తీసుకున్నాకే మార్చు. పార్ట్‌నర్ అన్నాను కాబట్టి, స్నేహితుడే అయినా డీడ్ రాసుకోండి, చెక్కు మీద ఎవరు సంతకం, ఎంత దాటితే ఇద్దరూ, ఒకరు మధ్యలో వెళ్ళిపోతే ఏం చెయ్యాలి, అన్నీ ఇప్పుడు నవ్వుకుంటూ రాసుకోవచ్చు, తర్వాత నవ్వు ఉండదు.

పని మొదలయ్యాక శనివారం సాయంత్రం ఒక గంట కూర్చో, మేస్త్రి, ఎలక్ట్రీషియన్, వెల్డర్ ముగ్గురూ ఉండాలి. ఈ వారం ఏం అవ్వాలి, ఏం అయింది, ఏది ఆగింది, ఎవరి వల్ల ఆగింది. ఒక నోట్‌బుక్ చాలు, యాప్ అక్కర్లేదు. మేస్త్రికి అడిగినప్పుడల్లా డబ్బు ఇవ్వకు, టేపు పట్టి కొలిచి ఎంత పని అయిందో అంతకే ఇవ్వు, వాడికీ అదే గౌరవం. మెషీన్ల వాడికి అడ్వాన్స్ మూడో వంతు దాటకు, చివరి మొత్తం ట్రయల్ అయ్యాకే అని ఆర్డర్ కాపీలోనే రాయించు. నాకు తెలిసిన ఒకాయన మెషీన్ దిగక ముందే మొత్తం కట్టేశాడు, సీజన్ మధ్యలో బ్లేడు సెట్టింగ్ పోతే ఆ కంపెనీవాడు ఫోన్ ఎత్తలేదు, పిక్కలు బస్తాల్లోనే ఉండిపోయాయి.

ట్రయల్ ఎలా చెయ్యాలంటే, 80 కిలోల బస్తా ఒక్కటి తీసుకో. కళ్ళంలో ఆరాక తూకం వెయ్యి, పలక మీద రాయి. ఆవిరి పెట్టి రాత్రంతా చల్లారనిచ్చి పొద్దున్న కటింగ్ బల్ల దగ్గర నువ్వే నిలబడు. ఒక ట్రే తీసుకుని గుండు, అంటే విరగని పప్పు, ఎన్ని, బద్దలు ఎన్ని, చిన్న ముక్కలు ఎన్ని, చేత్తో విడదియ్యి. తర్వాత బోర్మాలో, అదే పప్పు ఆరబెట్టే వేడి గదిలో, ఎండాక ఒక తూకం, పొట్టు తీశాక ఒక తూకం. ఎక్కడ ఎక్కువ పోతోందో అప్పుడు కనిపిస్తుంది, ఆవిరి ఎక్కువైందా, బ్లేడు దగ్గరైందా, ఎండ చాల్లేదా అని. పప్పు పావు వంతు లోపే వస్తుందని లెక్క వేసుకో. పౌండుకి 300 నుంచి 320 గుండ్లు తూగేదే డబ్ల్యూ 320 రకం, అది బద్దైపోతే నీ ధర పడిపోతుంది, కాబట్టి నీ లాభం ఆ ట్రేలోనే ఉంది. కొట్టే ఆడవాళ్ళ చేతులు కూడా చూడు, జీడి నూనె తగిలి చర్మం నల్లగా కాలి ఊడి వస్తుంది. గ్లోవ్స్, చేతికి రాసుకునే నూనె, కడుక్కోడానికి నీళ్ళు ఖర్చులో మొదటి లైన్లో రాయి. సవర, ఒడియా, తెలుగు మూడూ వచ్చిన ఒక ఆవిడని సూపర్‌వైజర్‌గా పెట్టుకో, సగం గొడవలు పుట్టకముందే పోతాయి.

బోర్డర్ సంగతి ఒకటి, అవతల పాతపట్నానికి నడిచి వెళ్ళొస్తాం కాబట్టి ఒకే ఊరు అనుకుంటాం గాని సరుకుకి అది వేరే రాష్ట్రం. 50 వేలు దాటిన లోడుకి ఈ-వే బిల్లు ఉండాలి. రైతు దగ్గర పెంకు తియ్యని పిక్కలు కొంటే జీఎస్టీ నువ్వే రివర్స్ ఛార్జ్ కింద కట్టి తర్వాత క్రెడిట్ తీసుకోవాలి, ఆ డబ్బు కూడా సీజన్లోనే పోతుంది, లెక్కలో పెట్టుకో. మార్కెట్ సెస్ విషయం కాశీబుగ్గలో కొనే ముందే అడుగు.

చివర్లో అందరూ వదిలేసే పని ఒకటుంది, అది నువ్వు వదలకు. మార్చి 1 వచ్చింది, యూనిట్ తిరిగింది అని ఊరుకోకుండా ఒక పూట కూర్చుని కట్టుబడి ఫైలు మూసెయ్. వైరింగ్ ఎక్కణ్ణుంచి ఎక్కడికి వెళ్ళిందో గీయించు, గోడలో పోయాక ఎవరికీ గుర్తుండదు. మెషీన్ వారంటీ కార్డులు, బిల్లులు, అనుమతులు, చిన్న పరిశ్రమగా నమోదైన ఉద్యమ్ సర్టిఫికెట్, ఆహార భద్రతకి ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు అన్నీ ఒక ఫైల్లో, ఫోటోలు ఫోన్లో. మేస్త్రి బిల్లులో అయిదు శాతం ఒక వానాకాలం గడిచేదాకా ఆపు, కారితే వాడే వచ్చి చూడాలి, ఇది మొదట్లోనే చెప్పి ఒప్పించు. అనుకున్న ఖర్చెంత, అయిన ఖర్చెంత పక్కపక్కన రాయి. అప్పణ్ణుంచి వేరే పుస్తకం మొదలుపెట్టు, కట్టుబడి లెక్క, వ్యాపారం లెక్క కలపకు. పప్పు అరువు ఇచ్చేటప్పుడు బిల్లు మీద ఉద్యమ్ నంబర్ వెయ్యి, తయారీదారుకి 45 రోజుల్లోపు చెల్లించాలని 2006 ఎంఎస్ఎంఈడీ చట్టంలో ఉంది.

ఆ 60 లక్షల లెక్క సరిచేసి కొత్త రిపోర్టు పంపు, భూమి కాగితాలు కూడా. ఈసీలో ఏమైనా తేడా ఉంటే అడ్వాన్స్ ఇవ్వకుండా ఆగు, నేను వచ్చి ఆర్ఐ ఆఫీసుకి నీతో వస్తాను. అమ్మని అడిగానని చెప్పు.

మీ మావయ్య
పర్లాకిమిడి