తుఫాను తీరం బొమ్మ: అంచు కత్తిరించనివ్వకండి

ప్రశ్న: పాత సామాన్లలో తుఫాను అలలు రాళ్లకు కొడుతున్న నలుపు తెలుపు బొమ్మ దొరికింది. కింద ఎడమవైపు టర్నర్ పేరు, కుడివైపు ఇంకెవరిదో పేరు. అసలైన పాత అచ్చేనా? ఫ్రేమ్ కట్టించవచ్చా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ఎడమవైపుది బొమ్మ గీసిన చిత్రకారుడి పేరు, కుడివైపుది దాన్ని లోహపు పలక మీద చెక్కినవాడిది. ఇంగ్లండ్ చిత్రకారుడు టర్నర్ గీసిన ఆ దేశ దక్షిణ తీర దృశ్యాలను 1814–1826 మధ్య ఎక్కువగా కుక్ సోదరులే రాగి పలకల మీద చెక్కారు. అయితే పేర్లు చూసి నమ్మేయకండి. తర్వాత ఫొటో తీసి వేసిన నకళ్లలోనూ ఆ అక్షరాలు అలాగే వస్తాయి.

పదింతలు చూపే భూతద్దంతో నల్లమబ్బు దగ్గర చూడండి. చుక్కలు వరుసలు కట్టి ఉంటే అది ఫొటో నకలే. చెక్కిన బొమ్మలో మబ్బంతా సన్నని గీతలే. గాలివాటానికి వంగుతూ, చీకటి చిక్కబడేచోట ఒకదాన్నొకటి కోసుకుంటూ పోతాయి. నురుగు తెలుపు రంగు కాదు, చెక్కకుండా వదిలేసిన కాగితం. ఎంత చూసినా తనివి తీరని పనితనం అది!

గీతలు లేకుండా మఖమల్ నలుపు ఉంటే అది మెజోటింట్ అనే మరో పద్ధతి. పలకంతా గరుకు చేసి, వెలుతురు కావాల్సినచోట గీకి నునుపు చేస్తారు. రాగి మీద ఆ గరుకు తొందరగా అరిగిపోతుంది. అందుకే ఆఖర్న తీసిన ప్రతుల్లో మబ్బు బూడిదరంగుకు దిగిపోతుంది.

తర్వాత టార్చి పక్కనుంచి వేసి చూడండి. బొమ్మకు నాలుగు పక్కలా నొక్కుడు గుర్తు కనిపిస్తే, అది తడి కాగితాన్ని పలకతో కలిపి రోలర్ల మధ్య నొక్కినప్పుడు పడింది. ఎవరైనా అంచు కత్తిరించేస్తే ఈ సాక్ష్యం పోతుంది.

ఫ్రేమ్ విషయానికొస్తే, స్వామివారి పటాలకు చేసినట్టు కాగితాన్ని అద్దానికి ఆనించి మేకులు కొట్టనివ్వకండి. నవంబరు వానల్లో లోపల చెమ్మ పడితే బొమ్మ అద్దానికి అతుక్కుపోతుంది. అద్దానికీ కాగితానికీ మధ్యలో, బొమ్మ కనిపించేలా కిటికీలా కోసిన ఒకటిన్నర మిల్లీమీటర్ల ఆమ్లరహిత మౌంట్ బోర్డు (మందపాటి అట్ట) పెట్టించండి. బొమ్మను వెనక అట్టకు నిలపడానికి పైఅంచున రెండుచోట్ల మాత్రం జపాన్ కాగితపు పట్టీలు గోధుమపిండి గంజితో అంటించాలి. చెమ్మకు కాగితం సాగి ముడుచుకుంటుంది, నాలుగువైపులా అంటిస్తే ఉబ్బి ముడతలు పడుతుంది. సెల్లోటేపు, ఫెవికాల్, లామినేషన్ వద్దే వద్దు.

ప్రశ్న: ఇలాంటి బొమ్మ మీదే గోధుమరంగు మచ్చలు. ఎండలో పెడితే పోతాయా?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: పోవు సరికదా, కాగితం పెళుసెక్కుతుంది. చెమ్మ, బూజు, కాగితంలోని ఇనుపరజను వల్ల వచ్చే మచ్చలవి. బ్లీచింగ్ జోలికీ వెళ్లకండి. వెనక ఉన్న పాత అట్ట తీసేసి ఆమ్లరహితమైనది వేయించండి. వంటింటి, స్నానాలగది గోడలకు కాకుండా, ఎండ తగలని లోపలి గోడకు తగిలించండి.