రమణా, ఈసారి బస్సులో రావద్దు

తమ్ముడు రమణకు,

మొన్న అనంతపురం నుంచి పెళ్లికి వస్తూ బాగేపల్లి దగ్గర ఒకసారి, చిక్కబళ్లాపురం దాటాక ఇంకోసారి మూత్రానికని బస్సు ఆపించావని మరదలు నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు. నాలుగేళ్ల కిందట నాదీ ఇదే కథ, ప్రోస్టేట్ గ్రంథి పెరిగి మూత్రం దారిని నొక్కేది. రాత్రికి ఐదుసార్లు లేవడం, సన్నటి ధార, అయిపోయిందనుకుని పడుకుంటే మళ్లీ. వయసైతే ఇంతేలే అని రెండేళ్లు లాక్కొచ్చాను. ఒకరోజు జలుబుకి మందుల షాపులో అడిగి ఏదో మాత్ర వేసుకుంటే, రాత్రికల్లా మూత్రం కట్టేసింది. ఎమర్జెన్సీకి పరుగెత్తి గొట్టం వేయించుకున్నాను. ముక్కుదిబ్బడ తగ్గించే కొన్ని మందులు మూత్రం దారి దగ్గరి కండరాన్నీ బిగిస్తాయని అప్పుడే తెలిసింది. నువ్వు డాక్టరును అడక్కుండా అలాంటివి మింగకు.

ఫోన్లో అడిగావు కదా, ఆ గ్రంథికి నేను చేయించుకున్న ఎంబోలైజేషన్ అంటే పొట్ట కోసేది కాదు. మణికట్టు దగ్గరో గజ్జల దగ్గరో రక్తనాళంలోకి సన్నటి గొట్టం పంపి, ప్రోస్టేట్‌కు రక్తం తీసుకెళ్లే నాళాల్లో ఇసుక రేణువుల్లాంటి పూసలు వదులుతారు. మడికి పారే కాలువకు అడ్డం వేసినట్టు. గ్రంథి మెల్లగా కుంచించుకుపోతుంది. చేసేది ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు, అంటే తెర మీద ఎక్స్‌రే బొమ్మ చూస్తూ గొట్టం నడిపే డాక్టరు. మత్తు ఆ చోటికే ఇస్తారు. కదలకుండా పడుకోవడంతో నడుము పట్టేసింది, నాకు అదే పెద్ద బాధ.

కానీ ముందు మూత్ర సమస్యలు చూసే యూరాలజిస్టును చూడు. నీకు పదిహేనేళ్లుగా షుగర్. దానివల్ల మూత్రాశయమే బలహీనపడి ఉంటే, గ్రంథిని చిన్నది చేసినా ధార బాగుపడదు. అందుకే ధార వేగం, పోశాక లోపల ఎంత మిగులుతోందో కొలిపించుకో. క్యాన్సర్ అనుమానం తీరడానికి పీఎస్ఏ అనే రక్తపరీక్ష కూడా. గ్రంథి తగ్గడానికిచ్చే డ్యూటాస్టరైడ్ నువ్వు వాడుతున్నావా? ఆ మాత్ర పీఎస్ఏని ఇంచుమించు సగానికి తగ్గించి చూపిస్తుంది, డాక్టరుకు చెప్పకపోతే లెక్క తప్పుతుంది. నాళాలు కనబడటానికి డై ఎక్కిస్తారు కాబట్టి, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ చూస్తారు. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్, రక్తం పలచబడే మాత్రల సంగతీ చెప్పు, నీ అంతట నువ్వు ఆపేయకు.

మూత్రమార్గంలోంచి గ్రంథిని గీకే పాత ఆపరేషన్ టీయూఆర్‌పీని తీసిపారేయకు. ధార దానికే ఎక్కువ బాగుపడుతుంది. ఎంబోలైజేషన్ తర్వాత మళ్లీ చికిత్స అవసరమయ్యే అవకాశమూ ఎక్కువే. అయితే టీయూఆర్‌పీ తర్వాత చాలామందికి వీర్యం వెనక్కి మూత్రాశయంలోకి పోతుంది, ఎంబోలైజేషన్‌లో ఆ బాధ తక్కువ. ఈ మాట అడగడానికి సిగ్గుపడకు, నేను సిగ్గుపడి అడగలేదు. పెద్దవయసులో నాళాలు వంకరలు తిరిగి గట్టిపడి, ఒక్కోసారి గ్రంథికి రెండువైపుల నాళాల్లో ఒకవైపే పూసలు వేయడం కుదురుతుంది. అందుకే ఇలాంటివి ఎన్ని చేశారో ఆ డాక్టరునే సూటిగా అడుగు.

చేయించుకున్నాక మొదటి వారం మంట, మాటిమాటికీ పరుగు, కొద్దిగా జ్వరం. రెండో వారానికీ తేడా కనబడక డబ్బు దండగైందని మీ వదిన మీద అరిచాను. ఆరో వారంలో ఒక రాత్రి ఒక్కసారే లేచాను. తగ్గడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. చలితో పెద్ద జ్వరం, మూత్రంలో రక్తపు గడ్డలు, మూత్రం కట్టేయడం లాంటివి వస్తే మాత్రం ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్లాలి.

పాత రిపోర్టులు, వాడే మాత్రల అట్టలు సంచిలో పెట్టుకుని సోమవారం బయలుదేరు. రైల్లో రా, అందులో బాత్‌రూమ్ ఉంటుంది.

మీ అన్నయ్య,
మారతహళ్లి, బెంగళూరు