అర్జీ మొదటి వాక్యం ఎలా ఉండాలి?

ప్రశ్న: మాస్టారూ, మా ఊరి డ్రెయిన్ నిండా గుర్రపు డెక్క మొక్కలే. ఏటా సార్వా (ఖరీఫ్) నాట్లు మునిగిపోతున్నాయి. అర్జీ పెడితే జవాబు లేదు. గ్రామసభలో మైకు పట్టుకుంటే టెన్షన్‌తో గొంతు పెగలదు. ఏం చేయను?
– ఒక మహిళా రైతు, అమలాపురం దగ్గర

జవాబు: అమ్మా, మీరు పంపిన అర్జీ నకలు రెండుసార్లు చదివాను. మొదటి పేజీ అంతా కాటన్ దొర, 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, పచ్చని కోనసీమ. రెండో పేజీ అడుగున మాత్రం "తొమ్మిది రోజులు నీళ్లలో ఉండి, నారు కుళ్లిన వాసన ఇంట్లోకి వచ్చింది" అని రాశారు. అక్కడ నా చెయ్యి ఆగిపోయింది. అంత బలమైన మాటను అట్టడుగున దాచేశారేంటమ్మా! చదివే అధికారి అక్కడిదాకా రాడు. దాంతోనే మొదలుపెట్టండి. వెంటనే డెక్క ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా పేరుకుందో, ఎన్ని ఎకరాలు మునిగాయో, ఎప్పటిలోగా తీయించాలో రాయండి. కాటన్ దొరను వదిలేయండి.

2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటిస్తే ఎవరికైనా ఒక్క ముక్కలో అర్థమైంది: గిట్టడం లేదు, నాటడం లేదు. మీ మాటా అంత సూటిగా ఉండాలి.

సభలో కాగితం చూసి చదవకండి. అవే మూడు నాలుగు వాక్యాలు వారం రోజులు గట్టు మీద నడుస్తూ పైకి అనుకోండి, పక్కింటి పిన్నిగారికి చెప్పినట్టు. కుళ్లిన దుబ్బు ఒకటి వేళ్లతో సహా పట్టుకెళ్లి చూపించండి. అడగాల్సింది అడగ్గానే మైకు ఇచ్చేయండి. అర్జీ రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి.